మూసీ చేరిన సముద్రానికి మనమెందుకు చేరరాదు?

అనంతగిరి కొండలలో జన్మించిన మూసీ నది హైదరాబాదు నగరం నడుమగా సాగి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణానదిలో కలుస్తుంది. తాండూరు పక్కగా పారే కాగ్నా భీమలోను, భీమ కృష్ణలోను సంగమిస్తాయి. ఆ కృష్ణమ్మ దివిసీమలోని హంసలదీవి చెంత బంగాళాఖాతంలో లీనమవుతున్నది. అనగా వికారాబాదులో కురిసిన చినుకైనా, తాండూరులో కురిసిన చినుకైనా చివరకు చేరవలసిన చోటు ఒక్కటే, అది సముద్రం. మన నీరు చేరుతున్న ఆ చోటికి మన విద్యార్థులు మాత్రం చేరడం లేదు. డిగ్రీ పట్టా చేతికి అందే నాటికైనా ఒక రేవును, ఒక ఓడను కన్నులారా చూడని విద్యార్థినీ విద్యార్థులు మన మధ్య ఎందరో కలరు. కళాశాలలు ఏటేటా జరిపే విహారయాత్ర ఇకనైనా ఒక రేవు పట్టణానికి, ముఖ్యంగా ఓడల చరిత్ర, నౌకాదళ చరిత్ర గల పట్టణానికి సాగాలని ప్రతిపాదించడమే ఈ వ్యాస ముఖ్యోద్దేశం.

“మెట్ట ప్రాంతపు వారం, కందిచేలు, నాపరాతి గనులు మన బ్రతుకు, సముద్రంతో మనకేమి పని?” అని కొందరు ప్రశ్నింపవచ్చును. దీనికి సమాధానం మన నోటిలోని మాటలలోనే ఉన్నది. మచిలీపట్నాన్ని తెలుగువారు “బందరు” అంటారు. “బందర్” అనగా పారశీక భాషలో రేవు. ఓడను నిలిపే “లంగరు” పారశీక పదమే. ఓడ పనివారిని “కలాసీలు” అనడం, వారి పెద్దను “సరంగు” అనడం ఉర్దూ మాట్లాడే ఇంటిలోను, తెలుగు మాట్లాడే ఇంటిలోను ఒకే తీరున వాడుకలో ఉన్నది. ఉర్దూ, తెలుగు అనే రెండు భాషలు ఒకే పుస్తకంలో అచ్చయ్యే ఇటువంటి పత్రికకు ఈ సంగతి ఎంతో ప్రీతిపాత్రం కావలెను. ఆ రెండు భాషలు తొలినాళ్ళలో చేతులు కలిపిన చోట్లలో గోలకొండ కోట ఒకటైతే, ఆ కోటకు సముద్ర ద్వారమైన బందరు మరొకటి.

రేవును చూచుట ఎట్లాగో, దానిని కాపాడుకొనుట ఎట్లాగో తెలిసినవారిలో ఆంగ్లేయులు ముందు వరుసలో ఉంటారని ఒప్పుకొనక తప్పదు. ఇంగ్లండు దక్షిణ తీరాన పోర్ట్స్‌మత్ అనే నౌకాదళ పట్టణం ఉన్నది. అక్కడి పాత ఓడల నిర్మాణశాల ఆవరణలో 1765లో నీట దింపిన “విక్టరీ” అనే కొయ్య యుద్ధనౌకను 1922 నుండి పొడిరేవులో నిలిపి భద్రపరచినారు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో సేనాని నెల్సన్ ప్రాణాలు విడిచినది ఆ ఓడ మీదనే. 1545లో మునిగిపోయిన “మేరీ రోజ్” అనే మరొక ఓడ శిథిలాన్ని 1982లో సముద్ర గర్భం నుండి పైకి తీసినారు. దానితోపాటు దొరికిన నావికుల చెప్పులు, దువ్వెనలు, తినే గిన్నెలు, వైద్యుని మందుల పెట్టె నేడు ప్రదర్శనలో ఉన్నవి. రాజుల కిరీటాలకన్న ఆ సామాన్యుని దువ్వెనయే చరిత్ర విద్యార్థికి ఎక్కువ సంగతులు చెప్పగలదు. ఛాథమ్‌లోని నౌకా నిర్మాణశాల 1984లో మూతపడింది. దానిని అమ్మి చదును చేయక ప్రదర్శనశాలగా మార్చినారు. ఓడలకు మోకులు పేనే పొడవైన శాల అక్కడ ఈనాటికీ పని చేస్తూ చూపరులకు ఆ విద్యను చూపుతున్నది.

వీటన్నిటికన్న మనవారు గర్వింపదగిన ఓడ ఇంగ్లండు ఈశాన్య తీరాన హార్టిల్‌పూల్ రేవులో ఉన్నది. దాని పేరు “ట్రింకోమలీ”. అది 1817లో బొంబాయిలో, వాడియా వంశపు పార్సీ నిపుణుల ఆధ్వర్యంలో, మలబారు టేకుతో నిర్మింపబడిన యుద్ధనౌక. భారతీయ వడ్రంగి ఉలి దెబ్బలు తిన్న ఆ కొయ్య రెండు వందల ఏండ్లు దాటినా నేటికీ నీటిపై తేలుతున్నది. మన చేతి పనిని పరాయి దేశం అంత భద్రంగా దాచుకొన్నది. మనమో, 1971 యుద్ధంలో కీర్తి గడించిన తొలి “విక్రాంత్” విమాన వాహక నౌకను కొంతకాలం ప్రదర్శనశాలగా ఉంచి, చివరకు పాత ఇనుము క్రింద అమ్మివేసినాము. 2014లో దానిని ముక్కలు చేయనారంభించినారు. ఖర్చు భరింపలేకపోవడమే కారణమని చెప్పినారు. నిజమే కావచ్చును. కాని ఖర్చు అనునది ఆంగ్లేయునికీ ఉన్నది. తేడా ఏమనగా, అక్కడ ఆ ఓడను చూడవచ్చే జనం ఉన్నారు, చూడాలని పిల్లలకు నేర్పే బడులు ఉన్నవి. చూచేవారు లేని వస్తువును ఏ ప్రభుత్వమూ చిరకాలం కాపాడదు.

ఆంగ్లేయుల ప్రదర్శనశాలలను మక్కికి మక్కి అనుకరించాలని నా అభిప్రాయం కాదు. ఓడల విజయాలను కొనియాడినంతగా, ఆ ఓడలు పరదేశాలకు మోసుకొని వెళ్ళిన పరాధీనతను ఏ విజేతా తన గోడలమీద వ్రాసుకొనడు. మన రేవులను చూచినపుడు మనం రెండింటినీ చదువుకొనాలి.

బందరు సంగతే తీసికొందాము. 1611లో, మహమ్మదు కులీ కుతుబ్ షా పరిపాలన చరమ దశలో, “గ్లోబ్” అనే ఓడలో వచ్చిన ఆంగ్ల వర్తకులు మచిలీపట్నంలో వర్తకశాల నెలకొల్పినారు. అంతకు ముందే డచ్చివారు అక్కడికి చేరినారు. చెన్నపట్నంలో ఆంగ్లేయులు కోట కట్టుకొన్నది 1639 తరువాతనే. కృష్ణా తీరపు కలంకారీ వస్త్రాలు, గోలకొండ వజ్రాలు ఆ రేవునుండే దేశదేశాలకు తరలినవి. ఎర్ర సముద్రానికి, పారశీక దేశానికి ఓడలు నడిచినవి. మక్కాయాత్రికులు సైతం ఆ ఓడలలో పయనించినారు. ఫ్రెంచివారి చేతిలో ఉన్న ఆ పట్టణాన్ని 1759లో కర్నల్ ఫోర్డు జయించడంతో సర్కారు జిల్లాలలో ఆంగ్లేయుల ఏలుబడికి దారి ఏర్పడినది. ఇంత చరిత్ర గల రేవు ఎందుకు క్షీణించినది? తీరం లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరాన లంగరు వేయగా, సరుకును పడవలలో చేరవేయవలసి వచ్చేది. పైగా మేట వేయడం ఆగలేదు. 1864 నవంబరు 1వ తేదీన వచ్చిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొని పట్టణం నడుము విరిచినది. భూగోళం, ఆర్థికశాస్త్రం, చరిత్ర అనే మూడు పాఠాలు ఒకే తీరాన చదువుకొనదగిన చోటు ఇంతకన్న మరొకటి ఉంటుందా? నేడు అక్కడ మిగిలినవి బందరు కోట శిథిలాలు, చెక్కడపు రాళ్ళతో కూడిన డచ్చివారి సమాధులు, పెడనలో ఇంకను బ్రతికి ఉన్న కలంకారీ అద్దకం. కొత్త రేవు నిర్మాణానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగినది. కొత్త రేవు లేచుటకు ముందే పాత రేవును కంటినిండా చూచి రావడం మన విధి. బీదరు నుండి మచిలీపట్నం పోయే రైలు వికారాబాదు మీదుగానే పోతుందన్న సంగతి మన విద్యార్థులు ఎరిగినదే.

విశాఖపట్నం మరొక తీరు పాఠం. డాల్ఫిన్స్ నోస్ అనే కొండ చాటున ఉన్న చిత్తడి నేలను త్రవ్వి, రెండు పాత ఓడలను కావాలని ముంచి అలలకు అడ్డుకట్టగా నిలిపి, అక్కడ రేవును నిర్మించినారు. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని విదేశాలకు పంపడం దాని తొలి ఉద్దేశాలలో ఒకటి. 1933 డిసెంబరులో దానికి ప్రారంభోత్సవం జరిగినది. 1941లో సింధియా కంపెనీ ఓడల నిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసినారు. స్వాతంత్ర్యానంతరం 1948 మార్చి 14వ తేదీన “జల ఉష” అనే ఓడను జవాహర్‌లాల్ నెహ్రూ నీట దింపినారు. తూర్పు నౌకాదళానికి ఆ పట్టణమే కేంద్రం. 1971 డిసెంబరు యుద్ధంలో పాకిస్తాను జలాంతర్గామి “ఘాజీ” మునిగిపోయినది విశాఖ తీరాననే. 1969లో నౌకాదళంలో చేరి 2001 వరకు పని చేసిన “కుర్సురా” జలాంతర్గామిని 2002లో సాగర తీరాన ప్రదర్శనశాలగా నిలిపినారు. అందులో ప్రవేశించిన విద్యార్థి, డెబ్బదిమందికి పైగా మనుష్యులు వారాల తరబడి ఆ ఇరుకు గొట్టంలో ఎట్లు తిన్నారో, ఎట్లు నిద్రించినారో, ఎట్లు ఊపిరి పీల్చినారో తన కళ్ళతో తెలిసికొనగలడు. రేవును ఆనుకొని ఉన్న మూడు గుట్టలమీద ఒక దర్గా, ఒక మాతృ దేవాలయం, ఒక వేంకటేశ్వరాలయం ఉన్నవి. కడలి మీదికి పోయే కొడుకు కొరకు తల్లి ఏ గుట్ట ఎక్కి మ్రొక్కినా అది ఒకటే మ్రొక్కు.

రేవు అనగా యుద్ధనౌక మాత్రమే కాదు. కాకినాడ, విశాఖ, కోరంగి రేవులనుండి వేలాది తెలుగు కూలీలు రంగూనుకు వలసపోయినారు. బర్మాలో తెలుగువానిని “కోరంగి” అని పిలిచేవారు. అనగా ఆ రేవు పేరే అతని జాతికి పేరయినది. 1942లో జపాను సేనలు రాగా వారిలో అనేకులు కాలినడకన అడవులు దాటి తిరిగివచ్చినారు, అనేకులు దారిలోనే కన్నుమూసినారు. వారి దువ్వెన, వారి గిన్నె ఏ అద్దాల పెట్టెలో ఉన్నవి? మేరీ రోజ్ నావికునికి దక్కిన గౌరవం కోరంగి కూలీకి దక్కలేదు. ఈ లోటును పూరించే పరిశోధకులు రేపు మన తరగతి గదులనుండే రావలసి ఉన్నది.

“సముద్రంతో మనకేమి పని” అనేవారికి కడపటి సమాధానం మన ముంగిటనే ఉన్నది. మన జిల్లాలోని పూడూరు మండలం దామగుండం అడవిలో భారత నౌకాదళపు సంకేత కేంద్రానికి 2024 అక్టోబరు 15వ తేదీన శంకుస్థాపన జరిగినది. ఇందుకు సుమారు 2,900 ఎకరాల అటవీ భూమిని కేటాయించినారు. మామూలు రేడియో తరంగాలు సముద్రపు నీటిలోనికి చొరబడజాలవు. మిక్కిలి తక్కువ పౌనఃపున్యం గల తరంగాలు మాత్రమే కొన్ని మీటర్ల లోతు వరకు చేరి, నీట మునిగి ఉన్న జలాంతర్గామికి వార్త నందింపగలవు. ఇటువంటి కేంద్రం దేశంలో ఇంతకు ముందు ఒక్క తిరునల్వేలి ప్రాంతంలోనే, 1990 నుండి, ఉన్నది. అడవి పోతున్నదని, మూసీ జన్మస్థానపు చెట్లు కూలుతున్నవని, గుడికి దారి మూసుకొనిపోతుందని మన ప్రాంతీయులు ఆందోళన చెందినారు. దేశ రక్షణ ముఖ్యమని ఇతరులు వాదించినారు. రెండు మాటలలోను బలం కలదు. అయితే, ఈ కేంద్రం ఎవరితో మాట్లాడుతుందో, ఎందుకు మాట్లాడుతుందో తెలియకుండా ఏ పక్షాన నిలిచినా అది అభిప్రాయం కాదు, గాలివాటు మాట. కుర్సురా కడుపులోనికి ఒక్కసారి దిగి వచ్చిన విద్యార్థి దామగుండం గూర్చి అధికారులను అడిగే ప్రశ్నలో పస ఉంటుంది. అడవి నిచ్చిన ప్రజలకు తెలిసికొనే హక్కు కలదు. రహస్యాలు కంచె లోపల ఉండనిండు. కంచె వెలుపల, ఈ విజ్ఞానాన్ని, ఈ అడవి చరిత్రను పిల్లలకు వివరించే ఒక చిన్న ప్రదర్శనశాలనైనా నెలకొల్పుమని మనం కోరవలెను.

ఇక ఖర్చు విషయం. పేద విద్యార్థి అంత దూరపు యాత్రకు డబ్బు ఎక్కడనుండి తెస్తాడు? ఆడపిల్లను తల్లిదండ్రులు పంపుతారా? ఇవి తోసివేయదగిన ప్రశ్నలు కావు. కాని ఏటేటా రెండు మూడు విందులకు, వేదికల అలంకరణకు వెచ్చించే సొమ్మును పొదుపు చేసి ఒక యాత్రానిధిని ఏర్పరచిన యెడల, రెండేండ్లకు ఒకసారియైనా రేవుకు పోవచ్చును. అధ్యాపకురాళ్ళు వెంట నడిచి, బస ముందుగా నిశ్చయించి, తల్లిదండ్రులను పిలిచి వివరించిన యెడల, ఆడపిల్లల యాత్రకు అనుమతి లభింపకపోదు. అమ్మాయిలు లేని యాత్ర సగం కళాశాల యాత్ర మాత్రమే.

యాత్రకు ముందు చేయవలసిన పని మరొకటి ఉన్నది. చూచేది తెలియక పోయినవాడు ఛాయాచిత్రాలతో తిరిగివస్తాడు, తెలిసి పోయినవాడు ప్రశ్నలతో తిరిగివస్తాడు. కావున చరిత్ర శాఖ బందరు గూర్చి, భౌతికశాస్త్ర శాఖ తరంగాల గూర్చి, వాణిజ్య శాఖ రేవు వ్యాపారం గూర్చి ముందుగా ఒక్కొక్క ఉపన్యాసం ఏర్పాటు చేయవలెను. ప్రతి విద్యార్థీ ఒక ప్రశ్నను వ్రాసికొని పోవలెను. తిరిగివచ్చిన పిదప ఒకరు ఉర్దూలో, మరొకరు తెలుగులో యాత్రా కథనాలు వ్రాయవలెను. వాటికి రాబోయే సంచికలో చోటు కల్పించుమని సంపాదకవర్గాన్ని సవినయంగా కోరుతున్నాను. మొదటి యాత్రకు బందరే తగినదని నా నిశ్చితాభిప్రాయం. అది దగ్గర, ఖర్చు తక్కువ, గోలకొండతో తెగని బంధం కలది. మరుసటి యాత్ర విశాఖకు కావచ్చును. ఈ విద్యా సంవత్సరంలోనే నిధికి తొలి రూపాయి జమ అయ్యేటట్లు విద్యార్థి సంఘం పూనుకొనుగాక!