మందు మాన్పించే విద్య

అమెరికాలో ఫార్మసీ రెసిడెన్సీ చేస్తున్న మన పిల్లల్లో ఇన్ఫెక్షన్ల విభాగం మీద మోజు పెరిగింది. కారణం లేకపోలేదు. ఆసుపత్రి యాంటీబయాటిక్ వాడకంపై నిఘా పెట్టి తీరాలని, ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 2017 జనవరి నుంచి నిబంధన పెట్టింది. 2019లో ఈ రంగానికి ప్రత్యేక బోర్డు పరీక్ష కూడా వచ్చింది.

చిక్కల్లా ఎంపిక దగ్గరే. మొదటి ఏడాది శిక్షణ, అంటే పీజీవై-1, జులైలో మొదలైతే డిసెంబరుకల్లా ఇన్ఫెక్షన్ల వంటి ప్రత్యేక విభాగంలో చేసే రెండో ఏడాది సంగతి తేల్చుకోవాలి. ఆ హడావుడిలో చాలామంది పేరుమోసిన ఆసుపత్రుల జాబితా ముందేసుకుని కూర్చుంటారు. నా మటుకు నేను పేరును చివర చూడమంటాను.

ఈ పని ఎలా ఉంటుందో చూడండి. రాత్రి న్యుమోనియాతో ఒక పెద్దాయన చేరాడు. మామూలు మందులకు లొంగని ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ క్రిమి కావచ్చేమోనని వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించారు. తెల్లారేసరికి ముక్కులోంచి తీసిన నమూనాలో ఆ క్రిమి లేదని తేలింది. అలాంటప్పుడు ఊపిరితిత్తుల్లో ఉండే అవకాశం బాగా తక్కువ. మందు కొనసాగిస్తే కిడ్నీలకు చేటు. ఫార్మసిస్ట్ డాక్టరుకు ఫోన్ చేసి ఆపుదామా అంటాడు. ‘ఎందుకైనా మంచిది, ఇంకో రెండు రోజులు ఉండనివ్వండి’ అని అవతలి నుంచి జవాబు. అసలు పని అక్కడ మొదలవుతుంది. డోసు లెక్క కంప్యూటరే కట్టిపెడుతుంది. భయపడుతున్న డాక్టరును ఒప్పించడం మాత్రం మనిషి పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే.

కాబట్టి ఇంటర్వ్యూలో అడగాల్సినవి వేరు. ఆ ఫోన్ రెసిడెంటే చేస్తాడా, లేక రిపోర్టులు తయారుచేసి పైకి పంపడమే అతని పనా? డాక్టరు కాదంటే వెనక నిలబడే ఇన్ఫెక్షన్ల నిపుణుడు ఉన్నాడా? మైక్రోబయాలజీ ల్యాబులో ఎన్ని వారాలు గడపనిస్తారు? వీటికి నిజమైన జవాబులు డైరెక్టరు కంటే ప్రస్తుత రెసిడెంట్ల దగ్గరే దొరుకుతాయి. వాళ్లతో విడిగా మాట్లాడనివ్వని చోటును అనుమానించాల్సిందే.

ఇంకో ఏడాది తక్కువ స్టైపెండుతో గడపాలి కదా అనేవాళ్ల మాట కొట్టిపారేయలేం. చదువు అప్పు తీర్చాల్సినవాళ్లకు అది చిన్న విషయం కాదు. ఇక్కడ ఫార్మ్‌డి చేసి వెళ్లినవాళ్లకైతే ముందు విదేశీ ఫార్మసీ పట్టభద్రులు రాయాల్సిన ఎఫ్‌పీజీఈఈ పరీక్ష, లైసెన్సు, ఆపైన వీసా. చాలా ప్రోగ్రాములు వీసా బాధ్యత తీసుకోవు. దరఖాస్తు రుసుము కట్టకముందే ఆ సంగతి కనుక్కోవాలి.

ఇక రెసిడెన్సీ సీట్లు కేటాయించే మ్యాచ్ పద్ధతి అభ్యర్థి ఇష్టాల వరుస నుంచే లెక్క మొదలుపెడుతుంది. ‘మనకు వస్తుందా’ అని తగ్గి రాసుకోవాల్సిన పనిలేదు. సాక్ష్యం చూపించి అక్కర్లేని మందు ఆపించే అవకాశం ఎక్కడ రోజూ దొరుకుతుందో, పెద్ద పేరు లేకపోయినా సరే, ఆ ఆసుపత్రినే మొదట రాయండి.