కండువా, తుపాకీ, దొంగ మస్టర్

అల్ ఖోర్‌లో కూర్చున్న మీకు ఊరి రాజకీయాలెందుకు అని అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు. నిజమే, ఓటు వెయ్యాలంటే టికెట్ కొనుక్కుని ఊరికి పోవాలి, అది అందరికీ అయ్యే పని కాదు. ఈ దేశంలో పార్టీలే లేవు కాబట్టి జెండా పట్టుకునే ప్రశ్నే లేదు. అయినా శుక్రవారం వచ్చిందంటే క్యాంపు రూముల్లో నడిచే ముచ్చటేంటో అందరికీ తెలుసు. ఎవడు ఏ పార్టీలోకి దూకిండు, ఎవరి పింఛను ఆగింది, ఏ నాయకుడు ఏం కూసిండు. నాయకుడి పుట్టినరోజుకు ఇక్కడ కేకు కోసే సంఘాలకూ కొదవ లేదు. కాబట్టి మనకు సంబంధం లేదంటే కుదరదు. ఆ సంబంధం ఎంత గట్టిదో 2022 జూన్‌లో బాగా తెలిసొచ్చింది.

ఆ ఏడాది మే చివర్లో బీజేపీ జాతీయ అధికార ప్రతినిధి నూపుర్ శర్మ ఒక టీవీ చర్చలో ముస్లింల ప్రవక్త గురించి నోరు జారారు. సుమారు పది రోజుల పాటు పార్టీ పట్టించుకోలేదు. జూన్ 5న ఖతార్ ప్రభుత్వం మన రాయబారిని పిలిచి నిరసన పత్రం ఇచ్చింది. సరిగ్గా అప్పుడే మన తెలుగువాడు, ఉప రాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు దోహాలో అధికారిక పర్యటనలో ఉన్నారు. కువైట్, ఇరాన్ కూడా అదే దారి పట్టాయి. ఆ రోజే పార్టీ ఆమెను సస్పెండ్ చేసింది, ఢిల్లీ శాఖలో మరో నాయకుణ్ణి బహిష్కరించింది. అవి ఎక్కడో అంచున ఉండే వ్యక్తుల మాటలని మన రాయబార కార్యాలయం చెప్పుకోవాల్సి వచ్చింది. అధికార పార్టీకి జాతీయ ప్రతినిధిగా ఉన్న మనిషి అంచున ఎట్లుంటారో మాకైతే అర్థం కాలేదు.

దెబ్బ ఎవరికి తగిలింది? కువైట్‌లో ఒక సూపర్ మార్కెట్ మన దేశం సరుకులను అరల్లోంచి తీసేసింది. అక్కడే జూన్ 10న నమాజు తర్వాత నిరసన చేసిన విదేశీ కార్మికులను పట్టుకుని వాళ్ళ దేశాలకు పంపేస్తామని ఆ ప్రభుత్వం ప్రకటించింది. టీవీలో మాట్లాడినవాళ్ళు ఢిల్లీలోనే ఉన్నారు. భయపడింది ఇక్కడ మనం. ఒకే గదిలో ఉండే పాతబస్తీ తమ్ముడు, కోరుట్ల అన్న నాలుగు రోజులు ముఖాలు చూసుకోకుండా డ్యూటీ బస్సెక్కారు. అల్ బైత్ స్టేడియానికి ఇనుము వంచినప్పుడు గానీ, రాస్ లఫాన్‌లో పైపుల పని చేసినప్పుడు గానీ పక్కవాడిది ఏ మతమని ఎవడూ అడగలేదు. ఆ నాలుగు రోజులు మాత్రం అడిగినట్టే అనిపించింది.

మేం పాతకాలపు ఆలోచనలవాళ్ళమని కుర్రాళ్ళు ఎగతాళి చేస్తారు. కానీయండి. దేవుడి మీద భక్తి, పెద్దల మాట, కష్టార్జితం, ఇచ్చిన మాట మీద నిలబడటం, ఇవన్నీ నిలవాలనే మా అభిప్రాయం. సంప్రదాయం పేరు చెప్పుకునే పార్టీల మీద మాకు సహజంగానే కొంత మొగ్గు కూడా ఉంది. అందుకే అడుగుతున్నాం. సంప్రదాయమంటే ముందు కట్టుబాటు. ఇంట్లో నోటికొచ్చినట్టు మాట్లాడే కొడుకును సముదాయించలేని తండ్రి ఊరికి పెద్దమనిషి ఎట్లయితడు?

గోషామహల్ సంగతే చూడండి. రాజా సింగ్‌ను 2022 ఆగస్టు 23న బీజేపీ సస్పెండ్ చేసింది, అదీ ప్రవక్త మీద వీడియో గురించే. పీడీ చట్టం కింద జైలుకు పంపారు, నవంబర్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. మరి పార్టీ సస్పెన్షన్ ఎంతకాలం నిలిచింది? 2023 అక్టోబర్ 22న ఎత్తేశారు, అదే రోజు ఎన్నికల టికెట్టూ ఇచ్చారు. అంటే తప్పు కడుక్కోవడానికి కావలసింది పశ్చాత్తాపం కాదు, ఎన్నికల నోటిఫికేషన్. చివరికి 2025లో రాష్ట్ర అధ్యక్షుడి ఎంపిక నచ్చక ఆయనే పార్టీ వదిలి పోయారు.

ఒక్క పార్టీనే అంటున్నారని కోపం వద్దు. 2012 డిసెంబర్‌లో నిర్మల్ సభలో అక్బరుద్దీన్ ఒవైసీ చేసిన ప్రసంగం విన్నవాళ్ళెవరూ మర్చిపోలేదు. కోర్టు 2022 ఏప్రిల్‌లో ఆయనను నిర్దోషి అంది, కోర్టు తీర్పును మేం గౌరవిస్తాం. కానీ చట్టం శిక్షించకపోవడం వేరు, పార్టీ మందలించకపోవడం వేరు. మజ్లిస్ ఆయనకు ఇంటి పెద్దరికమే ఇచ్చింది. 2023 డిసెంబర్‌లో కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చాక ప్రొటెం స్పీకర్ కుర్చీలో కూర్చున్నది కూడా ఆయనే. కాషాయమైనా ఆకుపచ్చైనా, వేడి పుట్టించేవాడు ఓట్లు తెస్తాడంటే ఏ పార్టీకీ క్రమశిక్షణ సంఘం గుర్తుకు రాదు.

ఇక కండువాల సంగతి. ఫిరాయింపుల రుచి తెలుగువాళ్ళకు కొత్త కాదు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించేసినప్పుడు ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి బెంగళూరు తీసుకుపోయిన రోజులు మా తరానికి గుర్తే. నెల రోజులకే జనం ఆయన్ను మళ్ళీ కూర్చోబెట్టారు. ఆ మరుసటి ఏడాది, 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. మూడో వంతు మంది చీలితే తప్పులేదని అందులో ఒక కంత పెట్టారు. 2003లో ఆ కంత మూసినా, మూడింట రెండొంతుల మంది విలీనమైతే సరేనన్న నియమాన్ని అట్లాగే ఉంచారు. అంటే చిన్న కంత మూసి పెద్ద కంత వదిలేశారన్న మాట. ఒక్కడు పోతే దొంగ, గుంపుగా పోతే విలీనం!

తెలుగుదేశం టికెట్ మీద గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ 2014 డిసెంబర్‌లో టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. అటు ఆంధ్రలో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి గెలిచిన 23 మంది తెలుగుదేశంలో చేరితే, 2017 ఏప్రిల్‌లో వాళ్ళల్లో నలుగురికి మంత్రి పదవులొచ్చాయి. 2019లో తెలుగుదేశానికి వచ్చినవీ సరిగ్గా 23 సీట్లే, దేవుడు లెక్క చూసినట్టు. అదే ఏడాది జూన్‌లో తెలంగాణ కాంగ్రెస్‌కు మిగిలిన 18 మందిలో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. 2024లో కాలం తిరగబడింది, బీఆర్ఎస్ నుంచి గెలిచిన పది మంది కాంగ్రెస్ వైపు నడిచారు. వాళ్ళలో ఒకాయన ఎమ్మెల్యేగా ఉంటూనే సికింద్రాబాద్‌లో కాంగ్రెస్ గుర్తు మీద లోక్‌సభకు పోటీ చేశారు. మూడు నెలల్లో తేల్చండని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. ఆ మూడు నెలలూ గడిచిపోయాయి. మనం కంపెనీ మారాలంటే నోటీసు ఇవ్వాలి, ఒప్పందం కాగితం చూడాలి, బాకీలు తేల్చుకోవాలి. లక్షల మంది ఓట్లతో గెలిచినవాడికి ఒక కండువా చాలు.

పార్టీల్లో కట్టుబాటు లేకపోతే జనంలో ఎవడు నిలబడతాడో కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల వాళ్ళకు వేరే చెప్పాలా? 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబర్‌కల్లా సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలన్నారు. వెట్టి, దొరల పెత్తనం, పట్టించుకోని సర్కారు, ఇవన్నీ నిజమే. గడీలు ఖాళీ అయ్యాయి, అదీ నిజమే. కానీ ఆ తర్వాత? పగలు పోలీసు, రాత్రి దళం. అన్నం పెట్టినందుకు వీళ్ళు కొడితే, పెట్టనందుకు వాళ్ళు కొట్టారు. మన ప్రాంతం నుంచి గల్ఫుకు పాస్‌పోర్టులు కట్టలు కట్టలుగా కదలడానికి కరువు ఒక్కటే కారణం కాదు. పిల్లగాడు ఏదో ఒక వైపు పోయి చచ్చే బదులు ఎడారికి పోయినా బతికుంటడని అమ్మలు పుస్తెలు కుదువ పెట్టి పంపిన ఇళ్ళు ఎన్నో.

దొరల కోసమని మొదలైన తుపాకీ ఎంతవరకు పోయింది? 1999లో మాజీ స్పీకర్ శ్రీపాదరావు, 2000లో మంత్రి మాధవరెడ్డి. 2004 అక్టోబర్‌లో ప్రభుత్వం చర్చలకు పిలిచింది, అడవిలోంచి నాయకులు హైదరాబాద్ వచ్చారు. మూడు నెలలు తిరగకముందే అంతా చెడింది. 2005 ఆగస్టు 15న, జెండా పండుగ రోజున, మక్తల్ ఎమ్మెల్యే నర్సిరెడ్డిని కాల్చి చంపారు. ఎన్‌కౌంటర్ల పేరుతో పోలీసులు చేసినవన్నీ సరైనవని మేం అనడం లేదు. చట్టం చేతిలో ఉన్నవాడు చట్టం తప్పితే ఆ తప్పు రెట్టింపు.

కండువా పార్టీలకు అసలు క్రమశిక్షణే లేదు. తుపాకీ పార్టీకి క్రమశిక్షణ అంటే చావే. ఇన్‌ఫార్మర్ అని అనుమానం వస్తే విచారణ లేదు, అప్పీలు లేదు, తెల్లారేసరికి ఊరి బయట శవం. 2025 మే 21న ఛత్తీస్‌గఢ్‌లో ఆ పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ళ కేశవరావు చనిపోయారు. అక్టోబర్‌లో పెద్దపల్లి బిడ్డ మల్లోజుల వేణుగోపాల్ అరవై మందితో కలిసి గడ్చిరోలిలో ఆయుధాలు అప్పజెప్పారు. నలభై ఏళ్ళకు పైగా అడవిలో ఉన్న మనిషికి కూడా ఆ పార్టీ ద్రోహి ముద్ర వేసింది. ఇప్పుడు వాట్సాప్‌లో పుట్టే కొత్త అన్నలను చూస్తే ఇదే గుర్తొస్తోంది. రంగు వేరు, మాటతీరు అదే. మాతో లేనోడు ద్రోహి.

మూడోది చెప్పడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది, ఎందుకంటే ఇది మన ఇళ్ళ దాకా వస్తుంది.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. సోషల్ ఆడిట్‌ను ఒక పద్ధతిగా నిలబెట్టింది కూడా మన ఉమ్మడి రాష్ట్రమే, అది గర్వపడాల్సిన మాట. ఆ ఆడిట్లలో మళ్ళీ మళ్ళీ బయటపడిందేంటి? చచ్చిపోయినవాళ్ళు, ఊళ్ళో లేనివాళ్ళు మస్టర్లో పనిచేశారు. ఊళ్ళో లేనివాళ్ళంటే ఎవరు? మనమే. ఇక్కడ యాభై డిగ్రీల ఎండలో చెమట కారుస్తుంటే, అక్కడ మన పేరు చెరువులో మట్టి తీసి కూలి తీసుకుంటుంది. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. పని దినాలు 125 అన్నారు. చట్టం పేరు మారినా మస్టర్ రాసే చెయ్యి మారకపోతే ఏం లాభం?

గొర్రెల పంపిణీ కథ విని నవ్వనివాళ్ళు లేరు. 2017లో మొదలైన పథకం, 20 గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ. 2024 ఫిబ్రవరిలో కాగ్ నివేదిక వచ్చింది. గొర్రెలను తరలించామని చూపిన బండ్ల నంబర్లు తీస్తే అవి మోటారు సైకిళ్ళు, కార్లు, చివరికి అంబులెన్సులు! నవ్వు తర్వాత ఏడుపు కూడా రావాలి. తన వాటా 31,250 రూపాయలు అప్పు తెచ్చి కట్టి ఎదురుచూసిన గొల్ల కురుమలున్నారు. అదే ఏడాది ముఖ్యమంత్రి సహాయ నిధికి దొంగ బిల్లులు పెట్టిన ఆసుపత్రుల మీద సీఐడీ కేసులు పెట్టింది. రోగమే లేనివాడి పేరు మీద బిల్లు!

పెద్దోళ్ళు అంతంత తింటుంటే మా రేషన్ కార్డు మీద పడతారేం అని మనవాళ్ళే అంటారు. ఈ వాదనలో సగం న్యాయం ఉంది. వందల ఎకరాల ఆసామికి కూడా పరిమితి లేకుండా రైతుబంధు పడింది, కౌలుదారుకు రూపాయి రాలేదు. అది దొంగతనం కాదు, రూలే అట్లా రాశారు. కానీ మిగతా సగం గురించి మేం మొహమాటం లేకుండా చెబుతాం. తెలంగాణలో ఆహార భద్రత కార్డుకు పల్లెల్లో ఆదాయ పరిమితి ఏడాదికి లక్షన్నర. ఇక్కడి కనీస వేతనం వెయ్యి రియాళ్ళు, రియాల్‌ను 24 రూపాయలుగా లెక్కేసినా ఏడాదికి రెండు లక్షల ఎనభై ఎనిమిది వేలు. వచ్చిన కొత్తలో ఏజెంటు అప్పు, వడ్డీ కట్టేవాడి సంగతి వేరు, వాడి చేతికి మిగిలేది సున్నా. కానీ పదిహేనేళ్ళుగా ఫోర్‌మన్‌గా ఉండి రెండంతస్తుల ఇల్లు కట్టినాయన పేరు మీద ఇంకా ఆరు కిలోల బియ్యం తీసుకోవడం ఏం మర్యాద? వేలిముద్ర కోసం పేర్లు తీసేస్తారేమో అని గోల పెట్టేవాళ్ళలో ఇట్లాంటివాళ్ళూ ఉన్నారు. వాళ్ళ చాటున నిజంగా బియ్యం కావలసిన కుటుంబం గొంతు వినబడకుండా పోతోంది.

దొంగ దొరికినప్పుడల్లా దెబ్బ తినేది నిజమైనవాడే. 2025లో ఆంధ్రలో దొంగ వికలాంగుల సర్టిఫికెట్లు ఏరేస్తామని మళ్ళీ పరీక్షలు పెట్టారు. ఏరాల్సిందే. కానీ నోటీసు పట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కలేక కూలబడింది కాళ్ళు లేనివాడే కదా, దొంగ సర్టిఫికెట్ వాడు ఏ నాయకుడి ఇంటికో పోయి ఉంటాడు.

రేపు ఇదే మన దాకా వస్తుంది. ఎన్నేళ్ళో అడగ్గా అడగ్గా 2024 సెప్టెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫులో చనిపోయినవాళ్ళ కుటుంబానికి అయిదు లక్షలు ఇస్తామని జీవో ఇచ్చింది. 2023 డిసెంబర్ 7 నుంచి జరిగిన మరణాలకు వర్తిస్తుంది. పెట్టె ఎక్కి ఊరికి పోయిన ఎందరో పేరు చెప్పి సాధించుకున్న పైసలవి. అందులో పది దొంగ ఫైళ్ళు దూరాయంటే చాలు, ప్రతి విధవరాలినీ దొంగలాగే నిలబెట్టి ప్రశ్నిస్తారు. ఫైలు నేను కదిలిస్తా, సగం నాకివ్వండి అనే దళారి ఏ కండువా వేసుకున్నా, మన కులంవాడైనా, మన జిల్లావాడైనా, వాడిని గడప ఎక్కనివ్వొద్దని ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి పెట్టండి.

తెలంగాణలో 2025 డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలయ్యాయి, కొత్త సర్పంచులొచ్చారు. వాళ్ళకు ఓట్లేయమని ఇక్కణ్ణుంచి ఫోన్లు చేసినవాళ్ళం తక్కువేం కాదు. ఇప్పుడు ఇంకో ఫోన్ చెయ్యాలి. ఊళ్ళో సోషల్ ఆడిట్ గ్రామసభ ఎప్పుడో కనుక్కోమనండి, ఇంట్లో చదువుకున్న పిల్లను పంపించి జాబితా మొత్తం చదివించుకోమనండి. అందులో మన పేరుంటే, ఆ కూలి ఎవరి ఖాతాలో పడిందో సభలో నిలబడి అడగమనండి.