హాట్ టబ్ నీటికి రోజువారీ పరీక్ష తప్పనిసరి కావాలి

సూరత్ పేరు వినగానే తెలుగువారికి చీరలు గుర్తొస్తాయి. తెలంగాణ నుంచి వలస వెళ్లి అక్కడి మరమగ్గాలపై బతుకుతున్న పద్మశాలీ కుటుంబాలు గుర్తొస్తాయి. ఆ నగరానికి ఇంకో చరిత్ర కూడా ఉంది. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు భయం పుట్టింది. లక్షల మంది ఊరు విడిచి వెళ్లిపోయారు. 1995 మేలో మునిసిపల్ కమిషనర్‌గా బాధ్యతలు చేపట్టిన ఎస్.ఆర్. రావు తన అధికారులకు ఒక సూత్రం చెప్పారు: ఏసీ నుంచి డీసీకి. అంటే ఏసీ గదులు వదిలి డైలీ చోర్స్‌కు, రోజువారీ పనులకు రావాలని. అధికారులు రోజూ వీధుల్లో తిరిగి తనిఖీ చేయడం మొదలయ్యాక నగరం రూపు మారింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్, ఇండోర్‌తో కలిసి దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది.

అదే క్రమశిక్షణ ఇప్పుడు మరోచోట కావాలి. సూరత్‌లోని హోటళ్లలో, జిమ్‌లలో, వారాంతాల్లో అద్దెకిచ్చే ఫాంహౌస్‌లలో ఈత కొలను పక్కనే జకూజీ అని పిలిచే హాట్ టబ్ ఉండటం మామూలైంది. నీలం రంగు పలకల మీద నురగలు కక్కే గోరువెచ్చని నీళ్లు చూడటానికి తేటగానే ఉంటాయి. చిక్కు అక్కడే ఉంది. తేటదనం కంటికి కనిపిస్తుంది, సూక్ష్మజీవులు కనిపించవు.

హాట్ టబ్‌ను చిన్న ఈత కొలను అనుకోవడం మొదటి పొరపాటు. 1,500 లీటర్ల టబ్‌లో నలుగురు కూర్చుంటే ఒక్కొక్కరికి దక్కేది 375 లీటర్లు. నాలుగున్నర లక్షల లీటర్ల ఈత కొలను అంత కిక్కిరిసి ఉండాలంటే అందులో ఒకేసారి 1,200 మంది దిగాలి. ఒంటి మీది చెమట, నూనె, క్రీములు అన్నీ ఆ కొద్ది నీటిలోనే కలుస్తాయి. క్లోరిన్ వాటితో చర్య జరిపి ఖర్చైపోతుంది. వేడికి, బుడగలకు మరికొంత గాలిలో కలిసిపోతుంది. ఉదయం సరిపడా ఉన్న క్లోరిన్ సాయంత్రానికి దాదాపు మిగలకపోవచ్చు.

అప్పుడు బలపడేవి రెండు. ఒకటి సూడోమోనాస్ బ్యాక్టీరియా. ఇది చర్మం మీద దురద పెట్టే ఎర్రటి పొక్కులు తెస్తుంది. రెండోది, ఇంతకంటే ప్రమాదకరమైనది, లెజియోనెల్లా. 25 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య నీటిలో ఇది బాగా పెరుగుతుంది. గొట్టాల లోపలి జిగురు పొరలో దాక్కుంటుంది. బుడగలు పగిలినప్పుడు లేచే సన్నని తుంపరల ద్వారా ఊపిరితిత్తుల్లోకి చేరి తీవ్రమైన న్యుమోనియా కలిగిస్తుంది. యాభై దాటినవారికి, పొగతాగేవారికి, ఊపిరితిత్తుల జబ్బులున్నవారికి ముప్పు ఎక్కువ.

తాగునీరే అందరికీ అందని దేశంలో ధనవంతుల విలాసపు తొట్టెల గురించి ప్రభుత్వం పట్టించుకోవాలా అని ఎవరైనా అడగవచ్చు. దీనికి జవాబు 1999లో నెదర్లాండ్స్‌లో దొరికింది. బోవెన్‌కార్స్‌పెల్ పట్టణంలో జరిగిన పూల ప్రదర్శనలో అమ్మకానికి పెట్టిన హాట్ టబ్‌ల నుంచి లెజియోనెల్లా వ్యాపించింది. కనీసం 32 మంది చనిపోయారు. వాళ్లు ఆ టబ్‌లలో దిగినవారు కాదు, పూలు చూడటానికి వచ్చి పక్కనుంచి నడిచి వెళ్లినవారు. అంటే సూరత్ ఫాంహౌస్‌లో టబ్ కడిగే పనివాడు, పక్కన తువ్వాళ్లు మడతపెట్టే మనిషి కూడా ఆ గాలినే పీలుస్తారు. విలాసం ఒకరిదే అయినా ముప్పు అందరిదీ.

పైగా ఈ జబ్బు సులువుగా కంటపడదు. లక్షణాలు సాధారణంగా 2 నుంచి 14 రోజుల తర్వాత బయటపడతాయి. అప్పటికి అతిథులు తలో ఊరు చేరుకుంటారు. ప్రత్యేక పరీక్ష చేయకపోతే మామూలు న్యుమోనియాగానే లెక్కలోకి వెళ్తుంది. అమాక్సిసిలిన్ వంటి మందులు దీనిమీద పనిచేయవు. కాబట్టి టబ్ దగ్గరే ఆపడం తేలిక.

ఆపడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సిఫారసు ప్రకారం హాట్ టబ్ నీటిలో స్వేచ్ఛా క్లోరిన్ లీటరుకు కనీసం 3 మిల్లీగ్రాములు ఉండాలి, పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలి, వేడి 40 డిగ్రీలు మించకూడదు. ఇక్కడ పీహెచ్‌కు క్లోరిన్‌తో సమానమైన ప్రాధాన్యం ఉంది. క్రిములను చంపేది ముఖ్యంగా హైపోక్లోరస్ ఆమ్లం. పీహెచ్ 7.5 దగ్గర స్వేచ్ఛా క్లోరిన్‌లో సుమారు సగం ఆ రూపంలో ఉంటుంది, 8కి చేరితే అది పావు వంతుకు పడిపోతుంది. బ్లీచింగ్ పౌడర్ నీటి పీహెచ్‌ను పెంచుతుంది. అందుకే పీహెచ్ చూడకుండా పౌడర్ మాత్రమే కుమ్మరిస్తే మందు ఎక్కువై, పని తక్కువవుతుంది. టీసీసీఏ పేరుతో అమ్మే బిళ్లలు కూడా హాట్ టబ్‌కు తగవు. వాటితో వచ్చే సయనూరిక్ ఆమ్లం నీటిలో పేరుకుపోయి క్లోరిన్ చురుకుదనాన్ని తగ్గిస్తుంది. ఆమ్లాన్ని, క్లోరిన్ మందును నేరుగా కలిపితే విషవాయువు పుడుతుంది కనుక ఆ పని ఎప్పుడూ చేయకూడదు.

నీటిని ఎప్పుడు మార్చాలో చెప్పే లెక్క కూడా సులభమే. టబ్ లీటర్లను 11తో భాగించి, వచ్చినదాన్ని రోజుకు దిగేవారి సంఖ్యతో భాగిస్తే సుమారుగా రోజులు వస్తాయి. 1,500 లీటర్ల టబ్‌ను రోజూ నలుగురు వాడితే నెల రోజులు. రోజుకు 20 మంది వాడితే వారం కూడా కాదు. అద్దెకిచ్చే టబ్‌లో ఇంటి టబ్ లెక్క పనికిరాదు.

ఈత కొలనుల నీటికి భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 3328 ప్రమాణం ఇచ్చింది. ప్రమాణం కాగితం మీద ఉంటే చాలదు, గోడ మీద కనిపించాలి. హాట్ టబ్ నడిపే ప్రతి వ్యాపారస్థలంలో క్లోరిన్, పీహెచ్, ఉష్ణోగ్రతలను రోజుకు కనీసం రెండుసార్లు కొలవాలి. కొలిచిన సమయంతో సహా ఆ వివరాలను టబ్ పక్కనే పలక మీద రాయాలి. దీన్ని లైసెన్సు షరతుగా పెట్టి, నగరపాలక సంస్థ ఆకస్మిక తనిఖీలు చేయాలి. కొలత తప్పితే సరిచేసేదాకా టబ్ మూసేయాలి. సూరత్ శివార్లలోనే కాదు, శంషాబాద్, భీమిలి రిసార్టుల్లోనూ ఇదే నియమం ఉండాలి.

పరీక్ష పట్టీని నీటిలో ముంచి రంగు చూడటానికి నిమిషం చాలు. టబ్‌లో దిగబోయే అతిథి కూడా ఇవాళ క్లోరిన్ ఎంత ఉందని అడగాలి. జవాబు చెప్పలేకపోతే, నీళ్లు ఎంత తేటగా ఉన్నా దిగకపోవడమే మంచిది.