అటక మీది కాగితం

గద్వాల చీర దొరికితే కొంగు మొదలయ్యే చోట తిరగేసి చూడండి. నూలు పడుగు అక్కడితో అయిపోయి పట్టు పడుగు మొదలవుతుంది. ఒక్కో నూలు పోగుకు ఒక్కో పట్టు పోగును నేతగాడు వేళ్లతో మెలేసి కలిపిన చోటది. అంచుల దగ్గర ఇంకో పనితనం. నడుమ భాగానికి ఒక నాడె, రెండంచులకు రెండు నాడెలు ఆడితేనే నూలూ పట్టూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. సూదితో పని లేకపోయినా దాన్ని కుట్టు అనే అంటారు. గద్వాల, కొత్తకోట, రాజోలి మగ్గాల చప్పుడు వింటూ పెరిగినవారికి 'మిశ్రమ మాధ్యమం' అన్న మాట కొత్తేమో గానీ, ఆ పని కొత్త కాదు.

కాగితం మీద పెన్సిలు, సిరా, నీటిరంగు, పాస్టెల్ కలగలిపి వేసిన బొమ్మకు చిత్రకారులు పెట్టుకున్న పేరే మిశ్రమ మాధ్యమం. మనవాళ్లలో కాగితాన్ని నమ్ముకున్న పెద్ద చిత్రకారుడు లక్ష్మా గౌడ్. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాదులో చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర శిష్యరికం చేశారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. మేకలు, చెట్లు, తలపాగా మగవాళ్లు, నగలు పెట్టుకున్న పల్లె ఆడవాళ్లు ఆయన గీతలోకొచ్చాక మన ఊరివాళ్లే ఎదురుగా నిలబడినట్టుంటుంది. లోహపు రేకు మీద గీసి ఆమ్లంతో చెక్కిన ఎచింగులకు ఆయన ప్రసిద్ధుడు. ఒక రేకు నుంచి ఎన్నో ప్రతులు తీయవచ్చు. తిన్నగా కాగితం మీదే సిరా, రంగు పెట్టిన బొమ్మ అలా కాదు. అది ఒక్కటే ఉంటుంది.

ఆ ఒక్కదాన్ని ఫోనులో చూసి చూశామనుకుంటాం. రంగు కనబడుతుంది, నిజమే. గరుకు కాగితం మీద పెన్సిలు పడ్డ నొక్కు, నీటిరంగు ఆరేటప్పుడు అంచున కట్టిన ముదురు చార, సగం చెరిపి మళ్లీ దిద్దిన గీత మాత్రం దగ్గరికి వెళ్లి చూస్తేనే తెలుస్తాయి. చెయ్యి ఎక్కడ తడబడిందో, ఎక్కడ ధైర్యం చేసిందో చెప్పేవి అవే. అందుకే పల్లె పిల్లలను ఒక్కసారైనా చిత్రశాలకు తీసుకెళ్లి అసలు బొమ్మ ముందు నిలబెట్టాలంటాను.

చిత్రకారులు కోరుకునే మేలైన కాగితం ఎక్కువగా పత్తి పీచుతో తయారవుతుంది. చీరకూ చిత్రానికీ మూలం ఒకే కాయ! చెక్క గుజ్జుతో చేసిన చవక కాగితం ఎండ తగిలితే పచ్చబడి పెళుసెక్కుతుంది.  పత్తి కాగితం తరాల పాటు నిలుస్తుంది. దాని మీది రంగులు మాత్రం వెలుతురుకు వెలిసిపోతాయి. అందుకే మ్యూజియాల్లో కాగితపు చిత్రాల మీద సుమారు 50 లక్సుల మసక వెలుతురే పడనిస్తారు. మనమైతే బొమ్మను తెచ్చి కిటికీ ఎదురుగోడకు తగిలిస్తాం, చిరిగితే ప్లాస్టరు టేపు అంటిస్తాం. ఆ టేపు జిగురే కొన్నేళ్లకు గోధుమరంగు మరకై కాగితంలోకి దిగిపోతుంది.

కొత్తకోటలాంటి నేత ఊళ్లను తలచుకుంటే నా మనసు ఇంకో కాగితం మీదికి పోతుంది. అంచు మీద హంసో మామిడిపిందో రావాలంటే ముందు దాన్ని గళ్ల కాగితం మీద గీసేవారు. నిండిన గడి పోగు లేవాలని, ఖాళీ గడి లేవొద్దని గుర్తు. దాన్నిబట్టి, ఏ పోగు లేవాలో మగ్గానికి చెప్పే జకార్డు అట్టలకు చిల్లులు పడేవి. ఒక్కో వరుసకు ఒక్కో అట్ట. రంగు పెన్సిలుతో నింపిన గళ్లు, పక్కన పెన్నుతో వేసిన లెక్కలు, ఏళ్ల తరబడి పట్టుకున్న వేలిముద్రలు: నా లెక్కలో అదీ ఒక చిత్రమే. గీసినవారి పేరు ఎక్కడా ఉండదు. చీర అమ్ముడయ్యాక ఆ కాగితం అటకెక్కేది. ఇప్పుడు డిజైన్లు చాలావరకు కంప్యూటర్లోనే తయారవుతున్నాయి కాబట్టి, అటక దిగితే అది చేరేది పాతపేపర్ల బండికే.

మీ ఇంట్లో అలాంటి కట్ట ఉంటే పండక్కి ఇల్లు దులిపేటప్పుడు పారేయకండి. పిన్నులు తీసి, మడతలు విప్పి, చెమ్మ తగలని చోట పరిచి ఉంచండి. గీసింది తాతో, మేనమామో పెద్దలనడిగి, వెనకాల పెన్సిలుతో పేరు రాయండి.