అయ్యిందా సరే, ఎప్పుడయ్యింది?

మన టేబుల్స్ లో "ఈజ్" అని మొదలయ్యే కాలమ్స్ ఎన్నుంటాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఈజ్_డిలీటెడ్, ఈజ్_వెరిఫైడ్, ఈజ్_క్యాన్సిల్డ్... నా మటుకు నాకు వీటిలో సగానికి పైగా టైమ్‌స్టాంపులు అయ్యుండాల్సినవే అనిపిస్తుంది. క్యాన్సిల్డ్_యాట్ అని పెడితే సరి. నల్ ఉంటే క్యాన్సిల్ కాలేదు, తేదీ ఉంటే అయ్యింది, అదీ ఫలానా టైముకి.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో నెలనెలా చందా కోసుకునేవాళ్ళు. ఒక కస్టమరు "నేను 30వ తారీఖునే క్యాన్సిల్ చేశా, 1న డబ్బులెలా కోశారు?" అని పట్టుకున్నాడు. టేబుల్లో ట్రూ అని మాత్రమే ఉంది. అప్‌డేటెడ్_యాట్ చూద్దామంటే, తర్వాతెప్పుడో ఆయన ఫోన్ నంబరు మార్చుకున్నాడు, ఆ తేదీ పడింది. లాగ్స్ రెండు వారాలకే చెరిపేస్తారు. డబ్బులు తిరిగిచ్చారు లెండి. కానీ ఆయన చెప్పింది నిజమో కాదో ఇప్పటికీ ఎవరికీ తెలీదు!

స్పేస్ దండగ అంటారు కొందరు. పోస్ట్‌గ్రెస్ లో బూలియన్ 1 బైటు, టైమ్‌స్టాంప్ 8 బైట్లు. కోటి రోస్ కి తేడా 70 ఎంబీ. దీనికోసమా పిసినారితనం? లారావెల్ లో ఈమెయిల్_వెరిఫైడ్_యాట్ అనే ఉంటుంది, ఈజ్_వెరిఫైడ్ కాదు.

అలాగని అన్నిటికీ పెట్టెయ్యమనట్లేదు. మెనూ టేబుల్లో ఈజ్_వెజ్ ఉంటే ఉండనివ్వండి, ఇడ్లీ ఎప్పట్నుంచి వెజ్ అయ్యిందని ఎవరూ అడగరు :) ఆపడం, మళ్ళీ మొదలెట్టడం పదేపదే జరిగే చోట టైమ్‌స్టాంపూ చాలదు. మళ్ళీ నల్ చేసిన క్షణంలో పాత తేదీ పోతుంది, అక్కడ హిస్టరీకి వేరే టేబుల్ ఉండాల్సిందే. ఇంకోటి, ఈమెయిల్ నీ డిలీటెడ్_యాట్ నీ కలిపి యూనిక్ పెడితే డూప్లికేట్స్ ఆగుతాయనుకోకండి. రెండు నల్స్ సమానం కావు కాబట్టి అదే ఈమెయిల్ తో రెండు అకౌంట్లు దర్జాగా దూరిపోతాయి. డిలీటెడ్_యాట్ నల్ ఉన్న రోస్ మీద మాత్రమే పార్షియల్ యూనిక్ ఇండెక్స్ వెయ్యాలి.

అసలు చిక్కు పాత డేటాతో. బూలియన్ ని మార్చేటప్పుడు చాలామంది చేసేదేంటంటే, ట్రూ ఉన్న ప్రతి రో లోనూ మైగ్రేషన్ నడిపిన టైమే కొట్టేస్తారు. ఇంకేముంది, వేలమంది కస్టమర్లు ఒకే సెకనులో క్యాన్సిల్ చేసినట్టు రికార్డు! తెలీదు అని ఉన్నదాన్ని అబద్ధంగా మార్చడం ఇది. రేపు గొడవొస్తే ఆ తేదీనే సాక్ష్యంగా చూపిస్తారు కూడా. దానికంటే పాత రోస్ కోసం ఆ బూలియన్ కాలమ్ ని అలాగే వదిలెయ్యడం మేలు. క్వెరీలో రెండూ చూడాల్సొస్తుంది, చూడ్డానికి అసహ్యంగానే ఉంటుంది, ఉండనివ్వండి.