బిడ్డల చదువు: రెండు కాగితముల పాఠము



బరువైన వస్తువు త్వరగాఁ బడును, తేలికయైనది మెల్లగాఁ బడును అని బిడ్డలన్నచో మనలో ననేకులు ఔననియే యందురు. గ్రీకు పండితుఁడగు అరిస్టాటిల్ సయితము అట్లే తలఁచెను. ఇటలీ దేశపు గెలీలియో 1638వ సంవత్సరమున వెలువడిన తన గ్రంథమున ఆ మాటను ఖండించెను. ఇందలి నిజమెట్టిదో మన యింటనే తేల్చుకొనవచ్చును.

సమానములైన రెండు కాగితములను దీసికొని, యొకదానిని నలిపి గట్టి యుండగాఁ జేయుడు. రెంటి బరువును ఒక్కటియే గదా! వీనిని భుజముల యెత్తునుండి ఒకేసారి విడువుమని బిడ్డతోఁ జెప్పుడు. ఏది మొదట నేలఁ జేరునో ముందుగా బిడ్డనే చెప్పనిండు. ఉండ ముందు పడును; విప్పిన కాగితము గాలిలోఁ దేలియాడుచు వెనుకఁబడును. పిమ్మట నా యుండను, ఒక రూపాయి నాణెమును కలిపి విడిచినచో, బరువులు వేఱైనను, రెండును ఇంచుమించు ఒకేసారి నేలఁ దాఁకును. కాగితము నాలస్యము చేసినది గాలి యడ్డగింతయే యని బిడ్డ తానే గ్రహించును.

గాలిలేని చంద్రునిపై 1971వ సంవత్సరమున డేవిడ్ స్కాట్ అను వ్యోమగామి సుత్తెను, ఈకను ఒకేసారి విడువఁగా, రెండును కూడియే పడినవి. ఈ వృత్తాంతమును ప్రయోగమైన పిదపనే చెప్పవలెను. ముందే చెప్పినచో బిడ్డ మన మాటను వల్లించును గాని యాలోచింపదు.

"ఏల?" యని యడిగెడు ఆఁడుబిడ్డను "నీకెందుకు?" అని కసరక, ఆమె చేతికి రెండు కాగితములిండు.