ధారపోసే కూతురు

తెలుగువారి హిందూ వివాహంలో కన్యాదానం ముఖ్యమైన ఘట్టం. వరుణ్ణి విష్ణుమూర్తిగా భావించి కన్య తల్లిదండ్రులు కాళ్లు కడుగుతారు, తండ్రి కూతుర్ని ధారపోస్తాడు. ఆమె గోత్రం మారిపోతుంది. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు, ఇచ్చే వస్తువు ఉంటేనే దానం. ఇక్కడ వస్తువు స్థానంలో కూర్చునేది మనిషి. స్త్రీ చిన్నప్పుడు తండ్రి, వయసులో భర్త, ముసలితనంలో కొడుకు అదుపులో ఉండాలన్న మనుస్మృతి విధికి ఈ తంతు ఆచరణరూపం.

వస్తువన్నాక ధర పలుకుతుంది. 19వ శతాబ్దంలో విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో వరుడి వైపు నుంచి డబ్బు పుచ్చుకుని జరిపిన శుల్క వివాహాల జాబితాను విజయనగరం మహారాజు ఆనందగజపతి తయారుచేయించారు. లెక్కకొచ్చినవి 1034. వధువుల్లో 99 మందికి ఐదేళ్లు, ముగ్గురికి ఏడాది. ఆ పసికందుల వెల 350 నుంచి 400 రూపాయలు. ‘కన్యాశుల్కం’ తొలి కూర్పు పీఠికలో గురజాడ ఈ లెక్కలు నమోదు చేశారు. తరువాత డబ్బు చేతులు మారే దిక్కు తిరగబడి వరకట్నమైంది, పిల్ల స్థానం మాత్రం మారలేదు. 1961 నాటి నిషేధ చట్టం తరువాత కూడా కట్నం పోలేదు. అబ్బాయి ప్యాకేజీని, వీసాను బట్టి లాంఛనాల పేరుతో నడుస్తోంది.

ఇచ్చేసిన కూతురు పరాయి ఇంటిదన్న నమ్మకం ఆస్తి హక్కునూ తినేసింది. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే వాటాను 1956 వారసత్వ చట్టం కూతురికి ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 నుంచి ఇచ్చినా, అప్పటికే పెళ్లయినవారిని వదిలేసింది. ఆ తేడా 2005 కేంద్ర సవరణతో పోయింది.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలయ్యాక గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ దాకా పెరిగిన ఐటీ కారిడార్ ఎందరో ఆడపిల్లలకు సొంత సంపాదన ఇచ్చింది. అయినా ఆ ఉద్యోగిని సంబంధం చాలా ఇళ్లలో జాతకం దగ్గరే ఆగుతుంది. జాతకం వేసేది ఇప్పుడు సాఫ్ట్‌వేరే. లెక్క వేగం పెరిగినంత మాత్రాన నమ్మకం నిజం కాదు.

కుజదోషాన్నే చూడవచ్చు. లగ్నం నుంచి 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడుంటే దోషమంటారు. 12 స్థానాల్లో ఐదంటే నూటికి సుమారు 42 మందికి ఉంటుంది. చంద్రుడు, శుక్రుడి నుంచి కూడా చూసే పద్ధతిలో, ఆ మూడింటికీ పరస్పర సంబంధం లేదనుకుని లెక్కిస్తే ఆ సంఖ్య దాదాపు 80కి చేరుతుంది. నూటికి ఎనభై మందిలో ఉండేది భర్త ఆయుష్షుకు గండమైతే ఊరినిండా వితంతువులే ఉండాలి. పుట్టిన వేళకు ఆడా మగా తేడా లేదు కనుక దోషం ఇద్దరికీ సమానంగానే పడుతుంది. మొగుణ్ణి మింగుతుందన్న నింద మాత్రం అమ్మాయి మీదే పడుతుంది. అరటిచెట్టుతో ముందుగా పెళ్లి జరిపించే పరిహారమూ ఆమెకు చెబుతారు. ఇది అవమానం, క్రూరత్వం.

ఇవన్నీ మానితే పెళ్లి చెల్లదేమోనన్న భయానికి ఆధారం లేదు. హిందూ వివాహ చట్టం ప్రకారం కన్యాదానం తప్పనిసరి కాదని అలహాబాద్ హైకోర్టు 2024లో స్పష్టంచేసింది. త్రిపురనేని రామస్వామి చౌదరి అంతకు ఎంతో ముందే ‘వివాహవిధి’ రాసి, తెలుగులోనే పెళ్లి జరిపే పద్ధతి చూపించారు. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద అయితే 30 రోజుల నోటీసు తరువాత, అధికారి, ముగ్గురు సాక్షుల ఎదుట ఒకరినొకరు భార్యాభర్తలుగా స్వీకరిస్తున్నామని ఆ ఇద్దరూ స్వయంగా చెబితే చాలు.